పెట్రోల్ సెడానా, ఎలక్ట్రిక్ వ్యాగనా? టేపు పట్టుకుని తేల్చిన ఒక కేసు

కారు కొనేముందు చూసిపెట్టడం నా పని. సెకండ్ హ్యాండ్ బళ్ల కింద దూరి తుప్పు వెతకడంతో మొదలుపెట్టాను. ఇప్పుడు వచ్చేవాళ్లలో సగం మంది అసలు ఏది కొనాలో చెప్పమనే వస్తున్నారు. ఈ కేసు రాయడానికి కారణం ఏంటంటే, ఇందులో నేను ఒక మంచి పనీ చేశాను, ఒక తెలివితక్కువ పనీ చేశాను, రెండూ టేపుతోనే.

వచ్చినవాళ్లు భార్యాభర్తలు. ఆయనకి పెట్రోల్ సెడాన్ కావాలి, ఆవిడకి ఎలక్ట్రిక్ వ్యాగన్, అంటే పైకప్పు వెనకదాకా సాగి, డిక్కీకి పైదాకా తెరుచుకునే పెద్ద తలుపుండే కారు. అప్పటికే రెండు నెలలుగా ఇంట్లో ఇదే గొడవట. ఆయన ఒక ఎక్సెల్ షీట్ తెచ్చారు, అందులో హార్స్‌పవర్, రేంజి (ఒక ఫుల్ ఛార్జింగ్‌తో నడిచే దూరం), సర్వీసింగ్ ఖర్చు, రీసేల్, ఇలా ఇరవైకి పైగా వరుసలు. అన్నీ బాగానే ఉన్నాయి గానీ వీల్‌చైర్ అన్న మాట మాత్రం ఒక్క వరుసలోనూ లేదు. ఆవిడ అమ్మగారు ఏడాదిగా వీళ్ల దగ్గరే ఉంటున్నారని, కుర్చీలోనే తిరుగుతారని నాకు మాటల మధ్యలో తెలిసింది. "వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి తీసుకెళ్లాలండీ, ఆ కుర్చీ డిక్కీలోకి ఎత్తి నా నడుం పోతోంది" అని ఆవిడ అన్నారు. ఆయన షీట్‌లోంచి తల ఎత్తి, "డిక్కీ 480 లీటర్లుంది కదా, సరిపోతుంది" అన్నారు. నాకు సగం కేసు అక్కడే అర్థమైపోయింది.

అయినా నేను వెంటనే ఏమీ చెప్పను. ఎవరొచ్చినా ముందు రెండు వారాలు డైరీ రాయమంటాను. బండి తీసిన ప్రతిసారీ మీటర్ రీడింగు, ఎక్కడికి, ఎంతమంది, ఏం సామాను, ఎంతసేపు ఆగారు. ఇదంతా ఎందుకని చాలామంది విసుక్కుంటారు, ఎందుకంటే తాము ఎలా తిరుగుతున్నామో తమకి తెలుసనే అందరూ అనుకుంటారు. ఈయన కూడా "మాది ఎక్కువ హైవే వాడకమండీ" అన్నారు. రెండు వారాల తర్వాత డైరీ చూస్తే మొత్తం 61 ట్రిప్పులు, వాటిలో 44 ట్రిప్పులు 8 కిలోమీటర్ల లోపే. హైవే మీద పోయింది ఒక్కసారి, పెద్దావిడ సొంత ఇంటికి, పోను 260 కిలోమీటర్లు, రాను 260. నెలకోసారి తప్పనిసరిగా వెళ్తారట. ఆ ప్రయాణం గుర్తుండిపోయేంత పెద్దది కాబట్టి హైవే వాడకం అనిపించింది, అంతే.

డైరీ రాస్తున్న రోజుల్లోనే వాళ్ల పాత బండి చూశాను. పదకొండేళ్ల పెట్రోల్ సెడాన్. బానెట్ ఎత్తి ఇంజిన్ ఆయిల్ పోసే మూత విప్పితే, మూత లోపలివైపు తెల్లగా మీగడ తరకలా పేరుకుని ఉంది. ఆయన కంగారుపడి హెడ్ గ్యాస్కెట్ (కూలెంట్ నీళ్లు ఆయిల్లో కలవకుండా ఇంజిన్లో ఉండే సీలు) పోయిందా అన్నారు. కూలెంట్ తగ్గలేదు, పొగ గొట్టంలో తెల్ల పొగ లేదు, గ్యాస్కెట్ బాగానే ఉంది. అది చిన్న ట్రిప్పుల ముద్ర. ఇంజిన్ ఆయిల్ పూర్తిగా వేడెక్కాలంటే పది పదిహేను కిలోమీటర్లు నడవాలి, ఈ బండేమో మూడు కిలోమీటర్లు పోయి ఆగుతుంది, గంట తర్వాత మళ్లీ మూడు. లోపల పట్టిన తేమ ఆవిరి కాదు, కొంచెం పెట్రోలు కూడా ఆయిల్లోకి దిగుతూ ఉంటుంది. అందుకే కంపెనీలు ఇలాంటి వాడకాన్ని కఠినమైన వాడకం కింద లెక్కేసి ఆయిల్ త్వరగా మార్చమంటాయి. మైలేజీ కూడా అందుకే పడిపోతుంది, వీళ్లకి ఊళ్లో లీటరుకి 11 దాటడం లేదు. పెట్రోల్ ఇంజిన్ నాకు ఇష్టమే, పదిహేనేళ్లు వాటితోనే బతికాను, కానీ రోజుకి నాలుగుసార్లు చల్లగా స్టార్ట్ చేసి మూడు కిలోమీటర్లు నడపడానికి అంతకంటే తప్పుడు యంత్రం ఇంకోటి లేదు. ఎలక్ట్రిక్ మోటారుకి ఆ బాధ లేదు, తొలి మీటరు నుంచీ ఒకటే పని.

ఇక డిక్కీ సంగతి. బ్రోషర్‌లో రాసే లీటర్ల లెక్క ఎలా తీస్తారో చాలామందికి తెలియదు. 200 మిల్లీమీటర్ల పొడవు, 100 వెడల్పు, 50 మందం ఉన్న దిమ్మెలు తీసుకుంటారు, ఒక్కోటి సరిగ్గా ఒక లీటరు. డిక్కీలో అలాంటివి ఎన్ని పడితే అన్ని లీటర్లు. మూలల్లో, చక్రాల పక్క సందుల్లో కూడా దూర్చేస్తారు. మరి మీ వీల్‌చైర్ దిమ్మెలుగా విడిపోదు కదా! సెడాన్‌కి 480, వ్యాగన్‌కి 605 అని రాసుంటే తేడా 125 లీటర్లే అనుకుంటాం, అసలు తేడా డిక్కీ మూతి దగ్గరుంది.

అందుకని రెండు బళ్ల టెస్ట్ డ్రైవ్‌కీ వీల్‌చైర్ పట్టుకెళ్లాం. మడిస్తే 30 సెంటీమీటర్ల మందం, మీటరు పైచిలుకు పొడవు, 17 కిలోల బరువు. సెడాన్ దగ్గర ఆయన్నే ఎత్తమన్నాను, ఆవిడని కాదు. బంపర్ అంచు నేల నుంచి 70 సెంటీమీటర్లు. అక్కడిదాకా ఎత్తారు, బాగానే ఉంది. తర్వాత కుర్చీని ఏటవాలుగా తిప్పితే గానీ మూతిలో పట్టలేదు, తిప్పుతుంటే ఒక చక్రం డిక్కీ తలుపు కమ్మీకి తగిలింది, ఈలోపు ఫుట్‌రెస్ట్ విప్పుకుని కిందకి వేలాడింది, దాన్ని మోకాలితో అదిమిపట్టి, ఒళ్లంతా ముందుకి వంచి, అంచు అవతల ఇంకో 20 సెంటీమీటర్లు లోతున్న గోతిలోకి 17 కిలోలు మెల్లిగా దించాలి. నడుం విరిగేది సరిగ్గా అక్కడే. రెండు నిమిషాల నలభై సెకన్లు పట్టింది. దించాక మిగిలిన చోటులో ఒక చేతిసంచి పడుతుంది, సూట్‌కేస్ పట్టదు. వ్యాగన్‌లో అంచూ లోపలి నేలా ఒకే ఎత్తులో ఉన్నాయి. ముందు చక్రాలు అంచు మీద ఆనించి వెనక నుంచి తోస్తే కుర్చీ జారుకుంటూ లోపలికి పోయింది. ముప్పై అయిదు సెకన్లు, పక్కన రెండు సూట్‌కేసులకి ఇంకా చోటుంది. ఆయన ఏమీ అనలేదు, చేతులు దులుపుకుని మళ్లీ ఒకసారి బయటికి తీసి పెట్టి చూశారు.

అలాగని వ్యాగన్‌లో అన్నీ సుఖాలే అంటే అబద్ధం. బ్యాటరీ నేల కింద ఉంటుంది కాబట్టి వెనక సీట్లో కాళ్లు పెట్టే చోటు పైకొస్తుంది, సీటు మాత్రం అంత పైకి రాదు. ఫలితంగా మోకాళ్లు లేచి ఉంటాయి, తొడల కింద ఆసరా ఉండదు. అరగంటకి తెలియదు, మూడు గంటలకి తెలుస్తుంది. సెడాన్ వెనక సీటు ఈ విషయంలో చాలా హాయి. ఇంకోటి చప్పుడు. సెడాన్‌లో డిక్కీకీ మనుషులకీ మధ్య ఒక గోడలాంటిది ఉంటుంది, వ్యాగన్‌లో ఉండదు, వెనక టైర్ల రొద నేరుగా చెవుల్లోకి వస్తుంది. ఇంజిన్ శబ్దం కూడా లేదు కాబట్టి ఆ రొద ఇంకా బాగా వినిపిస్తుంది. బరువు సంగతి చెప్పనక్కర్లేదు, అదే సైజు పెట్రోల్ బండి కంటే మూడు నాలుగు వందల కిలోలు ఎక్కువ, టైర్లు ఆ లెక్కనే అరుగుతాయి, పైగా ఇలాంటివాటిలో చాలావాటికి స్టెప్నీ ఉండదు, పంక్చర్ కిట్ ఇచ్చి దణ్ణం పెడతారు.

ఎలక్ట్రిక్ వ్యాగన్ అని ఆవిడ అడిగినంత తేలిగ్గా దొరికే వస్తువు కూడా కాదది. మార్కెట్టంతా ఎస్‌యూవీల మీద పడింది. 2020లో ఎంజీ5 వచ్చింది, 2023లో నియో ఈటీ5 టూరింగ్, 2024లో బీఎండబ్ల్యూ ఐ5 టూరింగ్, ఫోక్స్‌వాగన్ ఐడీ.7 టూరర్, ఆడీ ఏ6 అవాంట్ ఈ-ట్రాన్. ఇంకొన్ని ఉన్నాయి గానీ వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నన్నడిగితే ఎలక్ట్రిక్‌కి ఎస్‌యూవీ కంటే వ్యాగన్ ఒళ్లే సరైంది. గాలిని కోసుకుంటూ పోయే ఎత్తు తక్కువ కాబట్టి అదే బ్యాటరీతో హైవే మీద ఎక్కువ దూరం పోతుంది. ఆ ఏ6 అవాంట్ ఈ-ట్రాన్ డ్రాగ్ కోఎఫిషెంట్ (గాలికి ఎంత అడ్డొస్తుందో చెప్పే అంకె, ఎంత తక్కువైతే అంత మంచిది) 0.24, పాతకాలపు డబ్బా వ్యాగన్లు గుర్తున్నవాళ్లకి ఈ అంకె నమ్మబుద్ధి కాదు.

డబ్బు దగ్గరికొస్తే, నేను ధరలు చెప్పను, అవి వారానికోలా ఉంటాయి, చోటుకోలా ఉంటాయి. ఒక నిష్పత్తి చెప్తాను, అది పనికొస్తుంది. మంచి పెట్రోల్ సెడాన్ కలగలుపు వాడకంలో లీటరుకి 14 ఇస్తుందనుకుందాం, 100 కిలోమీటర్లకి 7 లీటర్ల పైన. ఈ సైజు ఎలక్ట్రిక్ వ్యాగన్‌కి అదే 100 కిలోమీటర్లకి 20 యూనిట్ల కరెంటు, ఛార్జింగ్‌లో పోయే పది శాతం కలిపితే 22. భాగిస్తే 3 వస్తుంది. అంటే లీటరు పెట్రోలు ధర మీరు కట్టే యూనిట్ ధరకి మూడు రెట్లు దాటితే ఎలక్ట్రిక్‌ది పైచేయి, ఎంత దాటితే అంత లాభం. మూడు రెట్ల లోపుంటే కిలోమీటరు ఖర్చులో మీకేమీ మిగలదు. ఇంట్లో ఛార్జింగ్ పెట్టుకుంటే మామూలుగా ఈ పరీక్ష సులువుగా గట్టెక్కుతుంది, రోడ్డు పక్క ఫాస్ట్ ఛార్జర్ రేటుతో లెక్కేస్తే చాలాచోట్ల గట్టెక్కదు. అందుకే "ఎలక్ట్రిక్ చవకా?" అని అడిగినవాళ్లని నేను ముందు "రాత్రిపూట బండి ఎక్కడ పెడతారు?" అని అడుగుతాను. మీ సొంత ప్లగ్గు అందే చోట బండి పడుకోకపోతే, నేను పెట్రోల్ వైపే చూడమంటాను, మొహమాటం లేకుండా.

(ఒక లీటరు పెట్రోల్లో దగ్గర దగ్గర 9 యూనిట్ల శక్తి ఉంటుంది. 7 లీటర్లంటే 63 యూనిట్లు. అదే దూరానికి మోటారు బండికి 20 చాలు. మిగతాదంతా ఎటు పోయింది అంటే వేడిగా రేడియేటర్ లోంచి, పొగ గొట్టం లోంచి పోయింది. చలికాలంలో ఆ వృథా వేడితోనే పెట్రోల్ బండి క్యాబిన్ ఉచితంగా వెచ్చబడుతుంది, ఎలక్ట్రిక్‌లో అదీ బ్యాటరీ లోంచే తీయాలి. తక్కువ కరెంటుతో క్యాబిన్ వెచ్చబెట్టే హీట్ పంప్ ఉన్న బండి తీసుకోమనేది అందుకే.)

వీళ్లకి సెల్లార్‌లో సొంత పార్కింగ్ స్లాట్ ఉంది. మీటర్ల గది నుంచి 38 మీటర్ల కేబుల్ లాగాలి. ఆయన 11 కిలోవాట్ల త్రీ ఫేజ్ ఛార్జరే పెట్టించాలని, దానికి లోడ్ పెంచమని దరఖాస్తు, పర్మిషన్లు, ఇవన్నీ తలుచుకుని టెన్షన్ పడుతున్నారు. అక్కర్లేదన్నాను. సింగిల్ ఫేజ్, 16 ఆంపియర్లు, అంటే 3.7 కిలోవాట్లు. రాత్రి 9 గంటలు పెడితే 33 యూనిట్లు, బ్యాటరీలోకి చేరేది 30, దాంతో 150 కిలోమీటర్లు నడుస్తుంది. డైరీ ప్రకారం వీళ్ల రోజువారీ వాడకం 50 దాటదు. మూడు రోజులకోసారి పెట్టుకున్నా సరిపోతుంది. ఫోన్ అలవాటు వల్ల అనుకుంటా, జనం ఛార్జింగ్ అనగానే ఖాళీ నుంచి ఫుల్ దాకా ఎన్ని గంటలని అడుగుతారు, ఇంట్లో పెట్టుకునేవాళ్లకి ఆ ప్రశ్నే రాదు.

మిగిలింది నెలకోసారి పోయే 260. ఆయన గట్టిగా పట్టుకున్నది ఇదే, పట్టుకోవాల్సిందీ ఇదే. బ్రోషర్ రేంజిని నమ్మొద్దని ముందే చెప్పాను. ఆ రేంజి అంకె తేల్చే డబ్ల్యూఎల్‌టీపీ పరీక్షలో సగటు వేగం గంటకి 46.5 కిలోమీటర్లు, 130 దాకా వెళ్లేది చివర్లో కాసేపే. గాలి అడ్డం వేగం వర్గంతో పెరుగుతుంది, 90 నుంచి 120కి వెళ్తే ఆ ఒత్తిడి 1.8 రెట్లు అవుతుంది. వీళ్లు చూసిన వ్యాగన్‌లో వాడుకోగల బ్యాటరీ 77 యూనిట్లు. 110 మీద నిలకడగా పోతే 100 కిలోమీటర్లకి 20 చొప్పున 260కి 52 యూనిట్లు, ఫుల్‌తో బయల్దేరితే 32 శాతంతో చేరతారు. గట్టి చలిలో 100కి 25 అనుకుంటే 16 శాతంతో. చేరడానికి ఇబ్బంది లేదు. తిరిగి రావడమే అసలు లెక్క. అక్కడ మామూలు గోడ ప్లగ్గులో 2.3 కిలోవాట్లతో రాత్రి 12 గంటలు పెడితే బ్యాటరీలోకి 25 యూనిట్లు చేరతాయి, అంటే మరో 32 శాతం. మొత్తం 64. తిరుగుదారికి 68 కావాలి, ఓ పది శాతం చేతిలో ఉంచుకుంటే 78. కాబట్టి దారిలో ఒకసారి ఫాస్ట్ ఛార్జర్ దగ్గర ఆగాలి, పది పదిహేను నిమిషాలు. రెండు రాత్రులుంటే అదీ అక్కర్లేదు.

"పెట్రోల్ అయితే అయిదు నిమిషాలండీ" అన్నారాయన. నిజమే. డైరీ తెరిచి ఆయన రాతే ఆయనకి చూపించాను. వెళ్లేటప్పుడు ఒకచోట ఆగినది 35 నిమిషాలు, వచ్చేటప్పుడు 40. పెద్దావిడని దింపి, కుర్చీలో కూర్చోబెట్టి, బాత్రూంకి తీసుకెళ్లి, మళ్లీ ఎక్కించడానికి పట్టే టైమది. ఈ బండ్లు 10 నుంచి 80 శాతం దాకా ఎక్కేది సుమారుగా అరగంటలో. ఆగడం ఎలాగూ తప్పదు, ఆగినప్పుడే ఎక్కుతుంది. కానీ ఒక చిక్కుంది, ఇది కూడా ముందే చెప్పాను. చాలా ఛార్జర్ల దగ్గర బండి పక్కన వీల్‌చైర్ తిరిగే చోటుండదు, కేబుల్ నేల మీద అడ్డంగా పడుంటుంది. కాబట్టి ముందు బాత్రూం గుమ్మం దగ్గర పెద్దావిడని దింపి, తర్వాత ఛార్జర్ దగ్గరికి పోవాలి, అంటే నడిపేవాళ్లు కాక ఇంకొకరు ఉండాలి. ఒక్కరే తీసుకెళ్లే పనైతే నా సలహా మారేది.

బ్యాటరీ భయం గురించి పెద్దగా రాయను. ఎక్కువ కంపెనీలు 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, 70 శాతం కెపాసిటీకి హామీ ఇస్తున్నాయి. కాగితం మీద ఆ 70 అంకె ఉందో లేదో చూసుకోండి, "బ్యాటరీ వారంటీ" అన్న ఉత్త మాట చాలదు. బ్యాటరీల్లో ఎక్కువగా వాడే రసాయన రకాలు రెండు, ఎన్ఎంసీ, ఎల్ఎఫ్‌పీ. ఎన్ఎంసీ అయితే రోజువారీ ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆపండి, ఎల్ఎఫ్‌పీ అయితే 100 దాకా పెట్టినా ఫర్వాలేదు.

వ్యాగన్ తీసుకోమనే రాసిచ్చాను. కారణాల్లో మొదటిది వీల్‌చైర్, రెండోది చిన్న ట్రిప్పులు, మూడోది సొంత స్లాట్. పెట్రోల్ వ్యాగన్ దొరికుంటే గట్టి పోటీ ఉండేది, వీళ్ల బడ్జెట్‌లో సరైనది దొరకలేదు.

ఇప్పుడు నా తెలివితక్కువ పని. స్లాట్ పొడవు కొలిచాను, 5 మీటర్లు. బండి 4.96. పడుతుందని సంతోషించాను. ఛార్జర్ బాక్స్‌ని స్లాట్ ఎదురు గోడకి ఎడమ చివర పెట్టించాను, ఎలక్ట్రీషియన్‌కి లైన్ దగ్గరని. బండి వచ్చాక చూస్తే ఛార్జింగ్ పోర్టు కుడివైపు వెనక చక్రం మీద. ముక్కు గోడకి పెట్టి ఆపితే బాక్స్‌కీ పోర్టుకీ మధ్య బండి మొత్తం అడ్డం, బాక్స్‌కి బిగించి వచ్చిన కేబుల్ 5 మీటర్లే. సరే రివర్స్‌లో పెట్టండి, అప్పుడు పోర్టు బాక్స్ పక్కకే వస్తుంది అన్నాను, గర్వంగా. పెట్టారు, పోర్టు సరిగ్గా బాక్స్ కిందకే వచ్చింది. అప్పుడు ఆవిడ వెనక్కి వెళ్లి డిక్కీ తలుపు తీయబోయారు. గోడ. తలుపు అరచెయ్యంత కూడా లేవలేదు. కుర్చీ లోపలుంది, పెద్దావిడ ముందు సీట్లో ఉన్నారు. బండిని మళ్లీ బయటికి తీసి సెల్లార్ నడవలో అడ్డంగా ఆపి కుర్చీ దించాల్సి వచ్చింది, వెనక ఇద్దరు హారన్లు కొడుతూనే ఉన్నారు.

నలభై సార్లు డిక్కీ మూతి కొలిచినవాణ్ణి, ఆ మూత తెరుచుకోవడానికి వెనక ఎంత చోటు కావాలో కొలవలేదు. బాక్స్‌ని స్లాట్ బయటివైపు కుడి పిల్లర్ మీదకి మార్పించాం, ఆ ఖర్చు నా ఫీజులోంచి పెట్టుకున్నాను. ఇప్పుడు ఎవరికి చూసిపెట్టినా పోర్టు ఏ మూల ఉంది, బండి ఎటు తిరిగి నిలబడుతుంది, అలా నిలబడితే డిక్కీ తెరుచుకుంటుందా, ఈ మూడూ ఒకే కాగితం మీద బొమ్మ గీస్తున్నాను.

ఏడు నెలలైంది. 9,800 కిలోమీటర్లు తిరిగారు, సగటు 100కి 19 యూనిట్లు, వాన చలిలో హైవే మీద ఒకసారి 24 చూపించిందట. ఒక ట్రిప్పులో వాళ్లు అనుకున్న ఛార్జర్ పనిచేయక ఇంకో 18 కిలోమీటర్లు వెనక్కి పోయి పెట్టుకున్నారు, ఆ రోజు ఆయన నాకు ఫోన్ చేసి పెట్రోల్ బంకుల గురించి చాలాసేపు మాట్లాడారు. 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఒకసారి దిగిపోయి బండి తలుపే తెరుచుకోలేదు, వారంటీలో మార్చారు. ఫిజియోథెరపీ ట్రిప్పులు ఆవిడ ఒక్కరే చేసుకుంటున్నారు. హైవే ప్రయాణాల్లో ఆవిడే నడుపుతారు, అమ్మగారికి ముందు సీటు, వెనక సీట్లో మోకాళ్లు పైకి పెట్టుకుని కూర్చునేది మాత్రం ఆయనే.